తీసేస్తే పోయేదేమిటి?

(హైస్కూల్ స్టాఫ్ రూములో ఇద్దరు ఇంగ్లీషు ఉపాధ్యాయులు. విషయం: ఇంటెన్సివ్ ప్రొనౌన్లు, అంటే నొక్కి చెప్పడానికి వాడే 'హర్‌సెల్ఫ్', 'మైసెల్ఫ్' లాంటి సర్వనామాలు. వాటిని పిల్లలచేత రాయించాలా, గుర్తుపట్టిస్తే చాలా అన్నది వాదన.)

మాస్టారు: పిల్లలకు ఒక్క సూత్రం చాలమ్మా. తీసేసినా వాక్యం నిలబడితే ఇంటెన్సివ్, కూలిపోతే రిఫ్లెక్సివ్, అంటే చేసిన పని చేసినవాళ్లకే తగిలిందని చెప్పేది. 'ది కలెక్టర్ హర్‌సెల్ఫ్ కేమ్'లో 'హర్‌సెల్ఫ్' కొట్టేసినా లోటు లేదు. 'షి కట్ హర్‌సెల్ఫ్'లో కొట్టేస్తే దేన్ని కోసిందో తెలియదు. లోటు లేని మాటను రాయించడం ఎందుకు? గుర్తుపడితే మార్కులొస్తాయి.

టీచర్: లోటు లేనిది వ్యాకరణానికి మాస్టారూ, అర్థానికి కాదు. 'కలెక్టర్ వచ్చారు' అంటే ఒక వార్త. 'హర్‌సెల్ఫ్' చేరిస్తే, కింది అధికారి ఎవరో వస్తారనుకున్న చోటికి ఆవిడే వచ్చారని తెలుస్తుంది. 'ఐ రిపేర్డ్ ది సైకిల్ మైసెల్ఫ్' అన్నవాడు మెకానిక్ సాయం తీసుకోలేదని చెబుతున్నాడు. ఆ మాట కొట్టేస్తే వాడి కష్టమంతా పోయింది!

మాస్టారు: అలవాటు చేస్తే అన్నిచోట్లా తగిలిస్తారు. 'మైసెల్ఫ్ సురేష్' అనేవాళ్లు ఇప్పటికే తక్కువా?

టీచర్: అది ఇంటెన్సివే కాదు. దానికి వాక్యంలో ఆనుకోవడానికి ఒక నామవాచకమో సర్వనామమో ఉండాలి. అక్కడ 'ఐ' ఏది? 'ఐ యామ్ సురేష్' అంటే చాలు. గుర్తుపట్టడంతో సరిపెడుతున్నాం కాబట్టే ఆ తప్పు పోవడం లేదు.

మాస్టారు: మరి 'ది ప్రిన్సిపాల్ కాల్డ్ ది కలెక్టర్ హర్‌సెల్ఫ్'? ఇద్దరూ మహిళలే. నొక్కి చెబుతున్నది ఎవరి గురించి?

టీచర్: మంచి ప్రశ్న. ఆ వాక్యాన్ని రెండు రకాలుగానూ చదవొచ్చు. ఫోన్ చేసింది ప్రిన్సిపాలే అనాలంటే 'హర్‌సెల్ఫ్'ను 'ప్రిన్సిపాల్' పక్కన పెట్టాలి. తికమక లేని చోట చివర పెట్టినా తప్పు కాదు. సైకిల్ వాక్యంలో అక్కడే సహజంగా ఉంది. ఈ స్థానం సంగతి మీ సూత్రంలో లేదు.

మాస్టారు: ఎంతైనా అది అలంకారమే. అసలు పని రిఫ్లెక్సివ్‌ది.

టీచర్: చరిత్ర అలా లేదు. పాత ఇంగ్లీషులో 'తనను తాను' అనడానికి 'హిమ్' లాంటి మామూలు సర్వనామమే సరిపోయేది. 'సెల్ఫ్' చేరింది నొక్కి చెప్పడానికి. రిఫ్లెక్సివ్ పని దానికి తర్వాత స్థిరపడింది.

మాస్టారు: అయితే పరీక్షలో ఏమి అడుగుతావు?

టీచర్: గీత గీసిన మాట ఏ రకమో అడగను. ఒక సందర్భం, రెండు వాక్యాలు ఇస్తాను. ఏది రాస్తారో, ఎందుకో చెప్పమంటాను.

మాస్టారు: దిద్దడానికి రెట్టింపు సమయం పడుతుంది.

టీచర్: పడనివ్వండి.