ఆ లిస్టు ఇక నాకు పంపకండి

"వచ్చే ఏడాది తప్పక చదవాల్సిన ఫాంటసీ, రొమాంటసీ నవలలు" అని డ్రాగన్ బొమ్మతో ఒక మెసేజ్ తిరుగుతోంది. రొమాంటసీ అంటే ప్రేమకథని మాయలతో, డ్రాగన్లతో కలిపి రాసే నవల. కాలేజీ గ్రూపులో వచ్చింది, అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, చివరికి మా పిన్ని కూడా "నువ్వు చదివేవి ఇవే కదే" అంటూ పంపింది. పంపినవాళ్ళలో ఒక్కరైనా వాటిలో ఒక్క పుస్తకం తెరిచి చూసినట్టు లేదు. అందరికీ కలిపి ఒకేసారి రాసేస్తున్నా. ఇకమీదట ఎవరు పంపినా దీన్నే తిరిగి పంపుతా.

"ది విండ్స్ ఆఫ్ వింటర్ జనవరిలో విడుదల, ఖాయం!" ఖాయం చేసిందెవరు? ఆ పుస్తకం రాస్తున్న గేమ్ ఆఫ్ థ్రోన్స్ రచయిత జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ మాత్రం కాదు. దీని ముందు భాగం 2011 జులైలో వచ్చింది. ఇప్పటికి ఓ 1,100 పేజీలయ్యాయని 2022లో చెప్పాడు. 2023లో అడిగితే మళ్ళీ అదే 1,100. 2020 జులై చివర్లో న్యూజిలాండ్‌లో జరిగే సైన్స్ ఫిక్షన్ అభిమానుల సభకి పుస్తకం చేతిలో లేకుండా వస్తే, పూర్తి చేసేదాకా నన్ను అక్కడి వైట్ ఐలాండ్ అనే అగ్నిపర్వత ద్వీపంలో యాసిడ్ సరస్సు కనిపించే గుడిసెలో బంధించండి అని 2019లో ఆయనే రాసిచ్చాడు. కోవిడ్ వచ్చి ఆ సభ ఆన్‌లైన్‌కి మారింది కాబట్టి బతికిపోయాడు. అంతటి మనిషికే తెలియని తేదీ మన అపార్ట్‌మెంట్ గ్రూపుకి తెలిసిపోయింది.

ప్యాట్రిక్ రాత్‌ఫస్ రాసే కింగ్‌కిల్లర్ క్రానికల్ సిరీస్ మూడో భాగం కూడా వచ్చేస్తోందట. రెండోది వచ్చింది 2011లో. మూడో దాంట్లో ఒక్క ముక్క కూడా తన కంట పడలేదని ఆయన ఎడిటరే 2020లో బాహాటంగా చెప్పింది. దీనికి ఇంతకంటే టైమ్ పెట్టను.

రెబెకా యారోస్ "ఆరు నెలలకో పుస్తకం" ఇస్తుందన్నది ఇంకో మాట. ఆవిడ డ్రాగన్ల సిరీస్‌లో మొదటి రెండూ 2023లోనే, ఆరు నెలల తేడాతో వచ్చిన మాట నిజమే. మూడోది, అనిక్స్ స్టార్మ్, 2025 జనవరిలో గానీ రాలేదు. మొదటి వారంలోనే 27 లక్షల కాపీలు అమ్ముడుపోయాయి. ఆ తర్వాత ఆవిడ కొంచెం ఆగుతానంది. ఆగనివ్వండి.

ఇక అసలు విషయం. నన్ను రాయడానికి కూర్చోబెట్టిన వాక్యం ఇది: "ఇవన్నీ రాకుమారులు, ఫెయిరీలు, డ్రాగన్ల కథలు. పదేళ్ళు దాటిన ఆడపిల్లలకి న్యూ ఇయర్ గిఫ్ట్‌గా ఇవ్వండి, ఇంగ్లీష్ బాగుపడుతుంది." ఇది రాసిన మహానుభావుడు ఎవరో గానీ, అట్ట మీద పూలతీగ చూసి పిల్లల పుస్తకమని తేల్చేశాడు. సారా జె. మాస్ రాసిన ఎ కోర్ట్ ఆఫ్ థార్న్స్ అండ్ రోజెస్‌ని 2015లో టీనేజీ పుస్తకంగానే వేశారు. సిరీస్ ముందుకి వెళ్ళేకొద్దీ అది టీనేజీ పిల్లల కోసం కాదని అందరికీ అర్థమైంది. 2020లో అట్టలు మార్చి పెద్దవాళ్ళ పుస్తకంగా మళ్ళీ తెచ్చారు. మార్చిన అట్టలు ఇంకా ముద్దుగా ఉన్నాయి, అదీ చిక్కు. యారోస్ సిరీస్‌లో మొదటిదైన ఫోర్త్ వింగ్ సంగతి చూద్దాం. ఇరవై ఏళ్ళ అమ్మాయి, యుద్ధవిద్య కాలేజీ, మొదటి రోజే సన్నని రాతి వంతెన మీద నడుస్తూ జారి చచ్చిపోయేవాళ్ళు. సగం దాటాక ఒక గదిలో బీరువా ముక్కలవుతుంది. అది డ్రాగన్ పని కాదు. ఐదో క్లాసు పిల్ల వచ్చి "అమ్మా, బీరువా ఎందుకు విరిగింది?" అని అడిగితే ఏం చెబుతారో ఇప్పుడే ఆలోచించి పెట్టుకోండి.

ఇవి బూతు పుస్తకాలని నేననడం లేదు. ఇష్టంగా కొనుక్కుని చదివేదాన్ని. 2024లో అమెరికాలోని యూటా రాష్ట్రం ప్రభుత్వ బడుల్లోంచి 13 పుస్తకాలు తీసేయించింది, అందులో ఆరు మాస్‌వే. ఆ పని నాకు నచ్చలేదు. పదిహేడేళ్ళ పిల్ల తనంతట తాను వెతుక్కుని చదవడం వేరు, అత్త కూతురి పుట్టినరోజుకి రిబ్బన్ కట్టి మీరు చేతిలో పెట్టడం వేరు. పదేళ్ళ పిల్లకి ఇవ్వాలనుకుంటే ముందు మీరు ఓ వంద పేజీలు చదవండి. అంత తీరిక లేకపోతే పుస్తకం బదులు రంగు పెన్సిళ్ళు కొనండి.

అదే మెసేజ్ కింద ఇంకో లైను: "ప్రేమ, మాయ కలిపి రాయడం మన సాహిత్యంలో లేదు, విదేశీ పిచ్చి." పైనేమో ఆడపిల్లలకి ఇవ్వమంటారు, కిందేమో పిచ్చి అంటారు. పింగళి సూరన 16వ శతాబ్దంలోనే కళాపూర్ణోదయం రాశాడు. రంభ రూపంలో కలభాషిణి, నలకూబరుడి రూపంలో మణికంధరుడు ఒకరికొకరు తారసపడతారు, పైగా అసలు రంభ కూడా వచ్చి పడుతుంది. ఇన్ని మలుపులు యారోస్ కూడా పెట్టలేదు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. "వీటిలో కొన్ని హ్యారీ పోటర్ అభిమానులు రాసుకున్న కథలే, పేర్లు మార్చి అమ్ముతున్నారు" అని కూడా ఉంది. గాలివార్త అనుకుంటారేమో, నిజమే. 2025లో వచ్చిన ఆల్కెమైజ్డ్ అంతకుముందు నెట్‌లో ఉచితంగా చదువుకున్న, హ్యారీ పోటర్‌లోని డ్రాకో, హెర్మయనీల ప్రేమకథ. పేర్లూ లోకమూ మార్చి తిరిగి రాశారు. అదే ఏడాది అదే జంట మీద కథలు రాసిన మరో ఇద్దరి నవలలూ వచ్చాయి. చట్టం అడ్డు చెప్పదు. కానీ నాలుగు పుస్తకాలు వరసగా చదివితే అదే శత్రువు, అదే చీకటి కోట, చివర్లో అదే ప్రేమ అనిపిస్తుంది. ఈ విసుగు నాకూ ఉంది.

మెసేజ్ చివర్లో "అన్నీ ఫ్రీ పీడీఎఫ్, ఈ లింకు నొక్కండి" అని ఉంది. విండ్స్ ఆఫ్ వింటర్ పీడీఎఫ్ కూడా ఉందట, రచయిత ఇంకా పూర్తి చేయని పుస్తకానికి. పుస్తకమన్నారు, నొక్కితే ఏపీకే ఫైల్ (అంటే ఫోన్‌లో యాప్‌ని ఎక్కించే ఫైల్) దిగిందంటే దాన్ని తెరవకుండా డిలీట్ చేయండి. ఇన్‌స్టాల్ చేసి, వచ్చిన పర్మిషన్లన్నిటికీ ఓకే కొట్టేసినవాళ్ళు ముందు నెట్ ఆపి, బ్యాంకుకి ఫోన్ చేయండి. డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కూడా.