పసిబిడ్డకి హెచ్ఐవీ సోకకుండా వేసే మందు రోజు విడిచి రోజు వేస్తే చాలట!

చెన్నై తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఆ మెసేజ్ మళ్ళీ లేచింది. "హెచ్ఐవీ ఉన్న తల్లులారా" అని మొదలై "పది మందికి పంపండి" అని ముగుస్తుంది. నెల్లూరు వైపు నుంచి తాంబరం ఆసుపత్రికి వచ్చే తల్లుల మేలు కోరి రాశారట. పంపేవాళ్ళు ఒక్కసారైనా చదివారా?

మొదటి మాట: దోమలు, ముద్దులు, ఒకే ఉయ్యాల వల్ల హెచ్ఐవీ అంటుతుందట. దేశంలో మొదటి కేసులు 1986లో ఈ చెన్నైలోనే బయటపడ్డాయి. ఇన్నేళ్ళకీ దోమల దగ్గరే ఉన్నామా? పదండి ముందుకు.

"పుట్టగానే టెస్టు పాజిటివ్ వస్తే బిడ్డకి వచ్చేసినట్టే. మా పసరుతో ఏడాదిన్నరలో నెగెటివ్." ఆ టెస్టు కిట్టు చూసేది వైరస్‌ని కాదు, దాని మీద ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలను. అవి తల్లి నుంచి బిడ్డకి వచ్చినవి, 18 నెలల్లోపు వాటంతటవే పోతాయి. వైరస్ సోకని బిడ్డకి పసరు పోసి, పేరు కొట్టేయడం ఎంత తేలికో చూడండి! బిడ్డకి కావలసింది 6 వారాలకి డీబీఎస్, అంటే ఎండిన రక్తపు చుక్కలో వైరస్‌నే వెతికే పరీక్ష. మడమ పొడిచి, కార్డు మీది ఒక్కో వలయంలో ఒక్కో చుక్క. చుక్క మీద చుక్క వేయకూడదు, వేలు తగలకూడదు, పూర్తిగా ఆరకుండా కవర్లో పెట్టకూడదు. కార్తీకమాసపు ముసురులో తొందరపడి పచ్చి కార్డు పంపితే ల్యాబు తిప్పికొడుతుంది, తల్లి మళ్ళీ బస్సెక్కాలి.

"డబ్బాపాలు, తల్లిపాలు సగం సగం ఇస్తే విషం పలచబడుతుంది." పాలేమన్నా మజ్జిగా, పలచబడడానికి? పైపాలు పసిపేగు పొరను దెబ్బతీస్తే తల్లిపాలలోని వైరస్‌కి దారి దొరుకుతుంది. తల్లి తన హెచ్ఐవీ మందు మానకుండా వేసుకుంటుంటే ఆరు నెలలు తల్లిపాలే. ఉగ్గు, తేనె, అరగదీసిన వస, గ్రైప్ వాటర్ ఏవీ వద్దు. డబ్బాపాలే ఎంచుకుంటే అవే పట్టాలి, డబ్బా మీద రాసిన కొలత ప్రకారం, నీళ్ళు ఎక్కువ పోసి సాగదీయకుండా.

అసలు ఘోరం నాలుగోది. "సిరప్ స్టాక్ లేకపోతే రోజు విడిచి రోజు వేసి పొదుపు చేయండి."

ఆ సిరప్ నెవిరాపిన్, తల్లి నుంచి బిడ్డకి వైరస్ సోకకుండా వేసేది. మిల్లీలీటరుకి 10 మిల్లీగ్రాముల మందు. పుట్టినప్పుడు రెండున్నర కిలోలు దాటిన బిడ్డకి రోజుకొక్కసారి ఒకటిన్నర మిల్లీలీటర్లు, రెండు నుంచి రెండున్నర కిలోలైతే ఒకటి. ఆరు వారాలంటే 42 రోజులు, ఒకటిన్నర చొప్పున 63 మిల్లీలీటర్లు. అంటే డిశ్చార్జి రోజే మొత్తం అడిగి తీసుకోవచ్చు. తల్లి మందు ఆలస్యంగా మొదలైనా, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) దిగకపోయినా బిడ్డకి రెండు మందులు, తల్లిపాలిస్తుంటే 12 వారాలు. ఈ లెక్కలో మీ పొదుపు ఎక్కడ ఇరికించాలి స్వామీ?

పైగా నెవిరాపిన్‌ని ఓడించడానికి వైరస్‌లో ఒక్క మార్పు చాలు. మోతాదు తగ్గిన రోజున మందు చాలదు, అలాగని పూర్తిగా పోదు కూడా. ఆ సందులోనే వైరస్ మొండికేస్తుంది. సీసా ఊపకుండా పోసినా ఇదే గతి: మందు అడుగున పేరుకుంటుంది, మొదటి రోజులన్నీ నీళ్ళ మందే. చెంచాతో కాదు, గీతలున్న సిరంజితో బుగ్గ లోపలికి మెల్లగా పోయండి. అరగంటలోపు కక్కేస్తే మళ్ళీ అంతే వేయాలి. సిరప్ నిజంగానే అయిపోతే మానొద్దు. డాక్టరు జిడోవుడిన్ అనే మరో మందుకి మార్చగలరు. ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేసి దగ్గర్లో హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటరు ఏది ఉందో అడగండి, తల్లి చికిత్స పుస్తకం వెంట పెట్టుకుని వెళ్ళండి.

ఐదో మాట, "సర్కారు మందులు నమ్ముకుంటే మధ్యలో వదిలేస్తారు." దీనికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. 2017లో పిల్లలకిచ్చే లోపినావిర్ అనే హెచ్ఐవీ సిరప్ కరువైంది. 2022లో మందుల కోసం రోగులు ఢిల్లీలో న్యాకో (జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ) ఆఫీసు ముందు నెలకు పైగా కూర్చున్నారు. 2017 హెచ్ఐవీ చట్టం చికిత్స ఇవ్వమనే చెప్పింది, "సాధ్యమైనంత మేరకు" అని ఒక మెలిక పెట్టి. పసిబిడ్డకి సాధ్యమైనంత మేరకు ఒకటిన్నర మిల్లీలీటర్లు ఎలా పోయాలో ఆ రాసినవాళ్ళే చూపించాలి.