సిలిండర్‌ను మంచం కిందికి తొయ్యమన్నోడెవడు?

ఈ వారంల ఒకటే మెసేజ్ నాకు ఆరుసార్లొచ్చింది. ఆడబిడ్డ పంపింది, డిగ్రీ బ్యాచ్ గ్రూపుల ఇద్దరు పంపిన్రు, చిట్టీ గ్రూపుల ఒకటి, బడి తల్లుల గ్రూపుల ఒకటి, ఆఖరికి మా చిన్నమ్మ "నీకైతే మంచిగ పనికొస్తది బిడ్డా" అని సపరేటుగ పంపింది. "వెయ్యి రూపాయలతో చిన్న ఇంటిని ప్యాలెస్ చేసే 9 సూత్రాలు" అని పేరు, చుట్టూ పూల బొమ్మలు, కింద పదిమందికి పంపండి అని. నాకే ఎందుకు పంపుతున్నరో నాకు తెల్వదా. వరంగల్ శివనగర్ల మాది రెండర్రల కిరాయిల్లు, నలుగురం ఉంటం, వంట చేసే అర్రలనే పిల్లలు పండుకుంటరు, సుట్టాలొచ్చి కూసుంటే మేం నిలబడాలె. సరే పోనీ అని మొత్తం చదివిన, చదివినంక ఊకుందామంటే మనసొప్పుతలేదు.

ఒకటో సూత్రం: "ఏడాదిపాటు వాడని ఏ వస్తువూ ఇంట్లో ఉండకూడదు, పారేయండి." ఇది రాసినాయనకు మేడారం జాతర రెండేండ్లకోసారి వస్తదని ఎవరన్న చెప్పుండ్రి. 2024 ఫిబ్రవరిల వాడిన టార్పాలిన్ పట్ట, పెద్ద బగోన మళ్ల బయటికి తీసేది 2026 జనవరిలనే, నడుమ 2025ల పారేసి ఉంటే అమ్మవార్ల కాడ చెట్టు కింద ఈయన సూత్రం పరుసుకుని పండుకుందుమా? పెద్దోని స్వెటర్ చిన్నోనికి సరిపోవాలంటే మూడేండ్లు ఆగాలె. పారేసుడు ఎవరికి నడుస్తది అంటే మళ్ల కొనేటందుకు పైసలున్నోళ్లకు నడుస్తది. పైంగ "పాత జంపఖానాలు ముందు తీసేయండి" అని రాసిండు. మా అమ్మ నా పెండ్లికి కొత్తవాడల దగ్గరుండి నేయించిన జంపఖానా అది, వరంగల్ జంపఖానాలకు 2018ల జీఐ ట్యాగ్ గూడ వచ్చింది, అంటే ఇది ఈ ఊరి సరుకే అని సర్కారు ఇచ్చే గుర్తింపు, మా ఇంట్ల పగలు అది సోఫా, రాత్రి అది పరుపు. తీసేస్తే ఏడ పండుకోవాల్నో గూడ రాస్తే బాగుండు.

రెండోది ఒకే రకం గుండ్రటి ప్లాస్టిక్ డబ్బాలు. "కిచెన్ మొత్తం ఒకే సెట్, చూడముచ్చటగా." మాకు నలుగురికి రేషన్ల మనిషికి ఆరు కిలోల లెక్కన నెలకు 24 కిలోల సన్నబియ్యం వస్తయి. 2025 జూన్ల మూడు నెలలవి ఒకటేసారి ఇచ్చిన్రు చూడుండ్రి, 72 కిలోలు, ఆ రోజు మా ఆయన బస్తాలు మోసుకొచ్చి నడుమింట్ల దించితే పిల్లలు వాటి మీదెక్కి కూసుండి హోంవర్క్ చేసిన్రు. అవి చూడముచ్చట డబ్బాలల్ల పోయాల్నంటే ఇల్లంత డబ్బాలే ఉంటయి, మేం బయట ఉంటం. ఇంకో ముచ్చట, గుండ్రటి డబ్బా నాలుగు దిక్కుల మూలలు వదిలేస్తది, జాగ లేనోళ్లకు అదే పెద్ద నష్టం. మిర్చి బజ్జీల బండాయన దగ్గర ఖాళీ అయిన 15 కిలోల నూనె డబ్బా అడుగుండ్రి, సబ్బు నీళ్లతోని కడిగి ఎండవెట్టుకుంటే పలకలు పలకలుగ ఒకదాని పక్కన ఒకటి అతికినట్టు కూసుంటది, మీద పీట వేస్తే కూసునేటందుకు గూడ అయితది. అందం లేదు, ఒప్పుకుంట.

మూడు, నాలుగు, ఎనిమిది కలిపి చెప్త. పెద్ద అద్దం పెడితే ఇల్లు డబుల్ అయితదట, గోడలకు తెల్లరంగు వెయ్యాల్నట, పుస్తకాలు రంగుల ప్రకారం పెట్టాల్నట. మా ఓనర్ గోడకు మేకు కొడితేనే అడ్వాన్సుల పట్టుకుంట అంటడు. అద్దంల మేం నలుగురం ఎనిమిది మందిమి కనవడుడు తప్ప ఏం లాభం. పదండ్రి.

ఏడోది తలుపు వెనకాల కొక్కేలు పెట్టుకొమ్మని. మా అమ్మమ్మ చిలుక్కొయ్యలకు కొత్త పేరు, మంచిదే.

ఐదోది జర కోపం తెప్పించింది. "సర్టిఫికెట్లన్నీ ఫోన్‌లో ఫొటో తీసుకుని, అసలువి పెట్టెలో వేసి మంచం కిందకు తోయండి." వరంగల్ల ఉండేటోళ్లు గూడ ఇది ఫార్వర్డ్ చేస్తున్నరంటే ఏమనాలె? 2020 ఆగస్టుల ఎన్టీఆర్ నగర్, సంతోషిమాత కాలనీల దిక్కు ఇండ్లల్లకు నీళ్లొచ్చినప్పుడు ముందు మునిగింది మంచం కిందిదే కదా. 2023 జులైల భద్రకాళి చెరువు కట్ట తెగినప్పుడు గూడ జనం ఆగమాగం ఉరికిన్రు, ఆ టైముల మంచం కింద దూరి పెట్టె గుంజుతరా? మాకు తెలిసిన ఒక పిల్ల పదో తరగతి మెమో బురదల ముద్దయి, ఆఫీసుల సుట్టూ ఎన్నిసార్లు తిరిగిందో. కాగితాలు పాలిథిన్ కవర్ల కట్టి సజ్జ మీద పెట్టుండ్రి, చేతికందే జాగల. డిజిలాకర్ అనే సర్కారు యాప్‌ల ఆఫీసోళ్లే నేరుగ ఇచ్చిన కాగితం అసలు దాని లెక్కనే చెల్లుతది, మన గ్యాలరీల గుడ్ మార్నింగ్ బొమ్మల నడుమ ఉన్న ఫొటో చెల్లది.

ఇగ ఆరోది. అసలు దీని కోసమే కూసున్న. ఉన్నదున్నట్టు పెడుతున్న: "అదనపు సిలిండర్‌ను అడ్డంగా పడుకోబెట్టి మంచం కిందకు తోసేయండి. వాడే సిలిండర్‌ను గట్టు కింద అలమారలో పెట్టి తలుపు మూసేస్తే వంటిల్లు నీట్‌గా కనిపిస్తుంది."

నీట్‌గనా! గ్యాసు గాలి కంటే బరువు, లీకయితే పొగ లెక్క పైకి పోదు, నీళ్ల లెక్క కిందనే పరుసుకుంటది, మూలలల్ల, మంచం కింద, గడప కాడ నిలబడతది. ఇప్పుడు మన ఇండ్లల్ల మంచం కింద రాత్రి ఏం ముట్టిస్తం? దోమల బత్తి. కింద సిలిండర్, పక్కన దోమల బత్తి, మీద పిల్లలు. ప్యాలెస్ అన్నడు కదా, రాజులు గూడ మందుగుండు పక్కన పిల్లలను పండవెట్టలేదు నాయనా.

అడ్డం పండవెట్టుడు ఇంకో తెలివి. నిండు సిలిండర్ల 14.2 కిలోల గ్యాస్ ఉంటది, అది లోపల నీళ్ల లెక్క ఉంటది, దాని మీద ఖాళీల ఆవిరి ఉంటది. నిలబెట్టినప్పుడు పైనున్న వాల్వుకు తగిలేది ఆవిరి. పండవెడితే తగిలేది నీళ్ల గ్యాస్. అప్పుడు లీకయితే ఆ నీళ్లు దగ్గర దగ్గర 250 రెట్లు ఆవిరయితయి, ఒక్క గ్లాసు బయటికొచ్చినా మా అర్రల ఏం మిగులుతదో మీరే లెక్కేసుకోండ్రి. అలమారల పెట్టి తలుపు మూస్తే ఇంకా మంచిది, వాసన గూడ బయటికి రాదు! ఆ కంపు వాసన కంపెనీలోళ్లు కావాల్నని కలిపేది, లీకయితే మనకు తెల్వాల్నని, ఈయనేమో దానికి తలుపేస్తడు.

నేనేదో మంచిదాన్నని కాదు. గ్యాస్ అయిపోవస్తుంటే సిలిండర్‌ను పండవెట్టి రెండు పూటలు ఎళ్లదీసినదాన్నే నేను గూడ, మా అత్త నేర్పింది, మస్తుమంది చేస్తరు, తప్పే. జాగ లేనోళ్లు మరి ఏం చెయ్యాలె అంటే, మేం రెండో సిలిండరే తీసుకోలె. ఒక్కటే, వంటర్రల కిటికీ కాడ, నిలబెట్టి, పొయ్యి దానికంటే ఎత్తుల. మంట సన్నగయినప్పుడే బుక్ చేస్తం, ఒక్కోసారి నడుమల అయిపోతది, ఒక పూట పక్కింటి అక్క పొయ్యి మీద వండుకుంట, బదులుగ ఆమె పిల్లను నేను బడి కాడ దించుత. ఖాళీ సిలిండర్‌కైనా దారంతోని ఉండే ఆ తెల్ల మూత పెట్టాలె, అది పిల్లలు ఆడుకునే వస్తువు కాదు. రాత్రి రెగ్యులేటర్ బంద్ చెయ్యాలె. వాసనొస్తే లైటు వెయ్యద్దు, ఉన్నది బంద్ గూడ చెయ్యద్దు, తలుపులు కిటికీలు తెరిచి బయటికొచ్చి 1906కు ఫోన్ కొట్టాలె. ఇంత ముచ్చట చెప్పాల్సిన కాడ ఈయన నీట్‌గా కనిపిస్తుంది అని పూల బొమ్మ పెట్టిండు.

ఇగ తొమ్మిదోది. "నెలకోసారి ఒక మూల మొత్తం ఖాళీ చేసి, తుడిచి, మళ్లీ సర్దండి." ఇది చదివి బాగ నవ్విన, ఖాళీ చేసిన సామాను ఏడ పెట్టాలె, ఓనర్ నెత్తి మీదనా అని. మెసేజ్ మీద కోపంతోనే నిన్న పొయ్యి మూల గుంజిన, ఇది రాసేటందుకు సిలిండర్ ఫొటో తీద్దామని. పదకొండు టిఫిన్ డబ్బాల మూతలు దొరికినయి, వాటి డబ్బాలు లేవు. గోడకు ఆని ఉన్న నారింజ రంగు గ్యాస్ పైపు తిప్పి చూస్తే దాని మీద 2018 అని ఉంది. అది ఐదేండ్లకోసారి మార్చాలె. ఇన్నేండ్లు దాని పక్కనే నా పిల్లలు పండుకున్నరు, ఆ మూల నేను జరపనేలేదు.

పొద్దుగాల్నే కొత్త పైపు పెట్టించిన. కాబట్టి తొమ్మిదోది ఉండనియ్యండ్రి, పంపుకోండ్రి. చిన్నమ్మా, నువ్వు గూడ మీ పొయ్యి పైపు తిప్పి చూసి సాయంత్రంలోపు నాకు ఫొటో పెట్టు. ఆరోది మాత్రం తీసేసి పంపుండ్రి, తీసుడు రాకుంటే మొత్తమే పంపకుండ్రి.