పక్క పైలట్లను ఆదుకోవాలి

మనిషి లోపల కూర్చుని నడిపే జెయింట్ రోబోల జపాన్ అనిమేల్లో లోకాన్ని కాపాడే బాధ్యత హీరోది. హీరోను కాపాడే బాధ్యత పక్క పైలట్‌ది. ఆ పక్క పైలట్‌ను కాపాడాల్సింది ఎవరో మాత్రం ఇన్ని దశాబ్దాల్లో ఏ స్టూడియో తేల్చి చెప్పలేదు. ఈ అన్యాయాన్ని ఆ కథల్లో హీరోల పక్షాన ఉండే సర్కారు భూమి ఫెడరేషన్ వారి దృష్టికి, వీలైతే బొమ్మల కంపెనీల దృష్టికి కూడా తీసుకెళ్లాలనే ఈ నాలుగు ముక్కలు.

ముందుగా ఉద్యోగ అర్హతలు. అభ్యర్థికి హీరోకన్నా వయసు ఎక్కువుండాలి, బుద్ధి కూడా ఎక్కువుండాలి, నైపుణ్యం మాత్రం పిసరంత తక్కువుండాలి. హీరో గదిలో తలుపేసుకుని అలిగి కూర్చుంటే బయట నిలబడి మంచి మాటలు చెప్పాలి. అవసరాన్ని బట్టి లెంపకాయ కూడా వేయాలి. అంతరిక్ష ఓడలో ఒక మహిళా అధికారితో చనువు తప్పనిసరి. ఆ చనువు శుభలేఖల దాకా పోవడం నిషిద్ధం. జీతం, పింఛను ఊసు ఎక్కడా లేదు. వాటి అవసరం రాదని నియామకం చేసుకున్నవాళ్లకు ముందే తెలుసన్నమాట.

ఈ ఉద్యోగానికి ఆదర్శమూర్తి స్లెగ్గర్ లా అనే పైలట్. 1979లో మొదలైన ‘మొబైల్ సూట్ గండమ్’ 36వ ఎపిసోడ్, అంతరిక్షంలో శత్రువుల సోలమన్ కోట ముట్టడి. ఎదురుగా శత్రు సేనాని డోజల్ జాబీ నడిపే బిగ్ జామ్ అనే యంత్రం, ఎత్తు 59.6 మీటర్లు. మన హీరో రోబో గండమ్ 18 మీటర్లు. బిగ్ జామ్ చుట్టూ ఐ-ఫీల్డ్ అనే కనిపించని తెర. దూరం నుంచి ఎన్ని బీమ్ కిరణాలు కొట్టినా పక్కకు జారిపోతుంది. కాబట్టి తెర దాటి మీదికెళ్లి కొట్టాలి. లెక్క తప్పేం కాదు. ఆ మీదికెళ్లేది ఎవరన్న దగ్గరే లెక్క ఎప్పుడూ ఒకవైపు మొగ్గుతుంది.

పోరాటం నడుస్తుండగానే ఒకసారి ఓడకొచ్చిన స్లెగ్గర్, తల్లి గుర్తుగా మిగిలిన ఉంగరాన్ని ఓడ నడిపే మిరాయి చేతిలో పెట్టాడు. అంతరిక్షంలో పోతే కష్టం, నీ దగ్గర దాచమన్నాడు. ఉంగరం గురించి ఇంత ముందుచూపున్న మనిషి! ఈ ముందుచూపులో పదో వంతు ప్రాణం మీద ఉంటే బాగుండేది. ఉంగరం క్షేమంగా ఉంది. ఆయన వాహనం బిగ్ జామ్‌ను ఢీకొంది, ఆ సందులో గండమ్ లోపలికి చొరబడింది, కోట పడింది, పేరు గండమ్ నడిపే హీరో అమురోకు వచ్చింది.

ఇక్కడ శాఖాపరమైన విచారణ జరగాల్సిన అంశం ఒకటుంది. బిగ్ జామ్‌కు వేడి జబ్బు. లోపల పుట్టే వేడిని చల్లార్చే దారి సరిగ్గా లేక, పూర్తి శక్తితో 20 నిమిషాలకు మించి నడవలేదని దాని సాంకేతిక వివరాల్లోనే ఉంది. అంటే ఫెడరేషన్ వారు 20 నిమిషాలు వెనక్కి తగ్గి, ఫ్లాస్కులో టీ పంచుకుని తాగి ఉంటే ఆ యంత్రం తనంతట తనే చల్లబడేది, లేదా చల్లబడక కూలబడేది. ఆలోపు ఎన్ని ఓడలు పోయేవో అని సైనిక నిపుణులు అడ్డు తగలొచ్చు. నిజమే, దళాధిపతి తియానెమ్ కూడా ఆ యుద్ధంలోనే పోయాడు. కానీ శత్రువు యంత్రానికి గడువుందో లేదో కనుక్కునే గూఢచారి శాఖ ఒకటి ఏడ్చింది కదా, వాళ్లు జీతం దేనికి తీసుకుంటున్నారు?

దీనికో ఉపకథ కూడా ఉంది. టీవీలో స్లెగ్గర్ పోయింది జీ-ఆర్మర్ అనే అదనపు వాహనంలో. బొమ్మలు అమ్ముకోవాల్సిన స్పాన్సర్ క్లోవర్ కోసం కథలోకి వచ్చిన సరుకది. అమ్మకానికి పెట్టిన బొమ్మలోనే మనిషిని చంపేసిన ప్రకటన వ్యాపార చరిత్రలో ఇంకోటి ఉంటుందనుకోను. ఆ బొమ్మలు ఆశించినట్టు పోలేదు, 52 ఎపిసోడ్లు అనుకున్న కథను 43తో ముగించారు. తర్వాత టీవీ కథను మూడు సినిమాలుగా కూర్చినప్పుడు దర్శకుడు టొమినో జీ-ఆర్మర్‌ను తీసేసి కోర్ బూస్టర్ పెట్టాడు. 1982లో వచ్చిన మూడో సినిమాలో స్లెగ్గర్ మళ్లీ అదే కోట దగ్గర, అదే బిగ్ జామ్ చేతిలో, కొత్త వాహనంలో పోయాడు. వాహనం మార్చడానికి మనసొచ్చింది గానీ మనిషిని బతికించడానికి రాలేదు.

అదే ఓడలో మరో పైలట్ ర్యూ హోసే సంగతి ఇంకా ఘోరం. 21వ ఎపిసోడ్ నాటికి ఆయన పడక మీద ఉండాల్సిన క్షతగాత్రుడు. శత్రుపక్షపు హామన్ వెనకనుంచి గండమ్‌కు గురిపెడుతుంటే లేచివెళ్లి, కోర్ ఫైటర్ అనే చిన్న విమానం ఎక్కి, ఆమె వాహనాన్ని గుద్దేశాడు. ప్రశ్న త్యాగం గురించి కాదు. ఒళ్లంతా గాయాలున్న రోగి యుద్ధ విమానం ఎక్కి వెళ్తుంటే గేటు దగ్గర సంతకం ఎవరు పెట్టారు?

‘మాక్రాస్’ అనే మరో సిరీస్‌లో స్కల్ దళం నాయకుడు రాయ్ ఫోకర్‌ది దీనికి తలకిందుల కేసు. వాల్కిరీ విమానాన్ని తిరిగి తెచ్చి, చక్కగా దింపి, ఒంట్లో తూటా గాయంతో నేరుగా ప్రేయసి క్లాడియా గదికి వెళ్లి గిటార్ వాయిస్తూ కూర్చున్నాడు. ఆమె పైనాపిల్ సలాడ్ కలిపి తెచ్చేలోపు ప్రాణం పోయింది. 1983లో ప్రసారమైన ఆ 18వ ఎపిసోడ్‌కు పేరే ‘పైనాపిల్ సలాడ్’. హ్యాంగర్‌లో సీటు మీద రక్తం ఉంది, ఓడలో ఆసుపత్రి ఉంది. యుద్ధం నుంచి దిగిన ప్రతి పైలట్‌ను ముందు డాక్టరు చూడాలన్న ఒక్క నిబంధన ఉంటే ఆయన సలాడ్ తిని, ఉప్పు తక్కువైందని వంక కూడా పెట్టేవాడు.

ఇక మూ లా ఫ్లాగా. ఈయన కేసు ఫైలు మందం కాబట్టి కాస్త నిదానంగా చూడాలి. ఆయన కథ ‘గండమ్ సీడ్’, పాత్రలు వేరైన మరో గండమ్ సిరీస్, 2002లో మొదలైంది. ఎండిమియన్ డేగ అని బిరుదు, తీగలతో నడిచే నాలుగు తుపాకులున్న మోబియస్ జీరో అనే యుద్ధ విమానంతో పేరు తెచ్చుకున్న వీరుడు, అసాధ్యాన్ని సాధ్యం చేసే మనిషినని తనకు తానే చెప్పుకునే అలవాటు. ఇలాంటి వాడికి సంస్థ ఇచ్చిందేమిటి? హీరో కీరాకు అణుశక్తితో నడిచే ఫ్రీడమ్ రోబో వచ్చాక, అతను వదిలేసిన పాత రోబో స్ట్రైక్. పెద్ద కొడుక్కి కొత్త చొక్కా కుట్టించి, పాతది చిన్నోడికి తొడిగే ఇళ్లలాగే. చిత్రమేమిటంటే ఇక్కడ పాత చొక్కా వచ్చింది పెద్దోడికి.

ఆ స్ట్రైక్ బ్యాటరీ మీద నడిచే యంత్రం. ఫేజ్ షిఫ్ట్ కవచంలో కరెంటు పారినంతసేపు గుళ్లూ క్షిపణులూ దాన్నేమీ చేయలేవు. బ్యాటరీ అయిపోతే రంగు దిగిపోయి బూడిదలా మారుతుంది. బీమ్ ఆయుధాల ముందు మాత్రం కరెంటు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. చేతిలోని డాలే దిక్కు. ఆ డాలు రోబోల చేతి తుపాకుల కోసం చేసింది. కథ చివరికొచ్చేసరికి శత్రువుల డొమినియన్ ఓడ లోహెన్‌గ్రిన్ ఫిరంగితో ఫ్లాగా ఓడ ఆర్క్ఏంజెల్‌ను కొట్టింది. ఓడ మీద బిగించిన పాజిట్రాన్ ఫిరంగి అది. రెండూ ఒకే నమూనా ఓడలు, రెండింటికీ అదే ఫిరంగి, కాబట్టి దాని దెబ్బ ఎలా ఉంటుందో ఫ్లాగాకు వేరే చెప్పక్కర్లేదు. అయినా ఓడలో ఆయన మనసిచ్చిన కెప్టెన్ మురూ రామియస్ ఉంది. డాలు పట్టుకుని అడ్డం నిలబడ్డాడు. ఓడ మిగిలింది. స్ట్రైక్ పేలిపోయింది, హెల్మెట్ శూన్యంలో తేలింది.

అక్కడితో ఆగితే ఇదీ మిగతా కేసుల్లాంటిదే. కానీ తర్వాత వచ్చిన స్పెషల్ ఎడిషన్‌లో ఆ హెల్మెట్ మాయమైంది. సాక్ష్యం మాయమైతే మన సీరియళ్లు చూసేవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. అనుకున్నట్టే 2004లో మొదలైన ‘సీడ్ డెస్టినీ’లో నియో రోనోక్ అనే ముసుగు మనిషి దిగాడు. గతం గుర్తులేదు. గొంతు మాత్రం అదే, ఫ్లాగాకు డబ్బింగ్ చెప్పిన తకెహితో కొయసు గొంతు. ముసుగు మొహానికి వేశారు గానీ గొంతుకు వేయడం మరిచిపోయారు. పాత్రలు గుర్తుపట్టడానికి ఎపిసోడ్లకు ఎపిసోడ్లు పట్టింది.

కథగా ఇది నాకు రుచించలేదు. స్లెగ్గర్ ఉంగరానికున్న బరువు ఫ్లాగా హెల్మెట్‌కు లేకుండా పోయింది. కార్మిక సంక్షేమం కోణంలో చూస్తే మాత్రం ఇంత విలువైన ప్రయోగం ఇంకోటి లేదు. ఎందుకంటే కథ చివర ఫ్లాగా మళ్లీ అదే ఆర్క్ఏంజెల్ ముందుకు వెళ్లి, ప్రత్యర్థుల మినర్వా ఓడ కొట్టిన టాన్‌హాయిజర్ ఫిరంగికి అడ్డం నిలబడ్డాడు. మనిషి అదే, ఓడ అదే, చేసిన పని అదే. ఈసారి ఎక్కింది అకత్సుకి అనే రోబో, బీమ్‌ను అద్దంలా తిప్పికొట్టే బంగారు కవచం. చొక్కా నలగకుండా బయటపడ్డాడు. 2024లో వచ్చిన సినిమాలోనూ డ్యూటీలోనే ఉన్నాడు. మొదటిసారి మనం వీరత్వం అని కళ్లు తుడుచుకున్నది స్టోర్స్ విభాగంలో సరుకు లేకపోవడమేనని దీన్నిబట్టి తేలింది.

వీళ్లందరి మధ్యా ఆదర్శంగా తీసుకోవాల్సిన వాడిని ఎవరూ పట్టించుకోరు. మొదటి గండమ్‌లోనే ఉన్నాడు, కాయ్ షిడెన్. రెండో ఎపిసోడ్‌లోనే పిరికివాడని తోటి అమ్మాయి సేలా చేతిలో చెంపదెబ్బ తిన్నాడు. ప్రతి ఆదేశానికీ సణిగాడు. బెల్‌ఫాస్ట్‌లో ఓడ దిగి వెళ్లిపోయాడు కూడా, మళ్లీ వచ్చాడనుకోండి. ఎక్కిన గన్‌క్యానన్ రోబో భుజాల మీద రెండు 240 మిల్లీమీటర్ల ఫిరంగులుంటాయి. దూరం నుంచి కొట్టడానికే పుట్టిన యంత్రం కాబట్టి వెనక నిలబడితే తప్పుపట్టేవాళ్లు లేరు. ఉంగరాలు ఎవరికీ ఇవ్వలేదు. 1985లో కొనసాగింపు ‘జీటా గండమ్’ వచ్చేనాటికి జర్నలిస్టుగా స్థిరపడ్డాడు. ఫెడరేషన్ శిక్షణ కేంద్రాల్లో కొత్త పైలట్లకు కనీసం వారం రోజులు కాయ్ చేత పాఠాలు చెప్పించాలనీ, అందులో సణగడం మీద ప్రాక్టికల్స్ పెట్టాలనీ మనవి. గౌరవ వేతనం ముందే ఇవ్వాలి, ఆయన అడుగుతాడు.