సవరణ: క్రెమా కాటలానాతో ఏ వైన్?

స్పెయిన్‌లోని కాటలోనియా వైన్ల మీద నేను రాసిన పోస్టులో తప్పులు దొర్లాయి. భోజనం చివర క్రెమా కాటలానాతో బ్రూట్ నేచర్ కావా (బుడగల వైన్ కావాలో తీపి లేని రకం) తాగమన్నాను. అది సరికాదు, క్షమించండి.

బ్రూట్ నేచర్‌లో విడిగా చక్కెర కలపరు. లీటరుకు 3 గ్రాముల లోపే ఉంటుంది. క్రెమా కాటలానా ఏమో పాలు, గుడ్డు పచ్చసొనతో చేసే తీపి. పైన చక్కెర చల్లి, ఎర్రగా కాలిన ఇనుముతో అద్దుతారు. చెంచాతో కొడితే ఆ పెచ్చు టక్కుమని విరుగుతుంది. అంత తీపి నోట్లో ఉండగా ఈ వైన్ ఉత్త పులుపనిపిస్తుంది. ఎంపోర్దా ప్రాంతపు తియ్యటి గర్నాచా వైన్ దానికి సరైన జోడీ. కావాయే తాగాలనుకుంటే లీటరుకు 50 గ్రాముల చక్కెర దాటిన తీపి రకం చూడండి.

బ్రూట్ నేచర్‌ను భోజనం మొదట్లోనే తెరవండి. కాల్చిన రొట్టె మీద సగానికి కోసిన టమాటా రుద్ది, ఆలివ్ నూనె, ఉప్పు వేసిన పా అంబ్ తుమాకెట్‌తో ఎంత బాగుంటుందో! నూనె జిడ్డును ఆ బుడగలు కడిగేస్తాయి.

ఇంకొకటి: కాటలోనియాలోని ప్రియోరాట్ అనే వైన్ ప్రాంతపు నేల సున్నపురాయి అన్నాను. కాదు, పలకరాయి, అక్కడ ‘లికొరెల్యా’ అంటారు. పాత పోస్టులో రెండూ దిద్దాను.