చెల్లెలి సంతకం లేకుండా ఇల్లు అమ్మడం ఎలా?

నాలుగు అక్షరాలు లా చదివిన పాపానికి నాకు పెళ్లి భోజనం ప్రశాంతంగా తినే యోగం లేదు. ఆకులో పప్పు పడిందో లేదో, పక్క కుర్చీలోంచి ఎవరో ఒకరు గొంతు తగ్గించి "మీరు లాయరు కదండీ, చిన్న డౌటు" అంటారు. ఆ చిన్న డౌటు ఎప్పుడూ ఆస్తి గురించే. జీపీఏ (యజమాని తన తరఫున వ్యవహరించమని ఇంకొకరికి రాసిచ్చే అధికార పత్రం) మీద కొనొచ్చా, నోటరీ కాగితం చెల్లుతుందా లాంటివైతే పర్లేదు, పెరుగన్నంలోకి వచ్చేలోపు తేల్చేయొచ్చు. వంద రూపాయలు, ఆపైన విలువున్న స్థిరాస్తిని రిజిస్టర్డ్ దస్తావేజుతోనే అమ్మాలని 1882 నాటి చట్టమే చెప్పింది. జీపీఏ రాయించుకున్నంత మాత్రాన ఆస్తి మీదైపోదని 2011లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇక నోటరీ అంటారా, అక్కడ పడేది గుండ్రటి ముద్ర, హక్కు కాదు.

అసలు ప్రశ్న భోజనమయ్యాక, చేతులు కడుక్కునే చోట వస్తుంది. "నాన్నగారు పోయారు కదండీ, ఇల్లు అమ్మేద్దామనుకుంటున్నాం. ఆడపిల్లల సంతకాలు లేకుండా ఏదైనా దారుందా?"

ఈ ప్రశ్నను నేను తక్కువ చేసి మాట్లాడను. ప్రహరీ పక్కనున్న కొబ్బరిచెట్టు ఎవరిదో తేలక ఏళ్ల తరబడి మాటల్లేని అన్నదమ్ములు కూడా ఈ ఒక్క ప్రశ్న దగ్గర రామలక్ష్మణులైపోతారు. మన కుటుంబ వ్యవస్థ గట్టిది అనడానికి ఇంతకంటే ఏం రుజువు కావాలి?

దారి లేదు. తండ్రి స్వార్జితమై, ఆయన వీలునామా రాయకుండా పోతే భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, ఆయన తల్లి బతికుంటే ఆవిడకు తలా ఒక సమాన వాటా. ఇది నిన్నా మొన్నా వచ్చింది కాదు, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం. పిత్రార్జితంలో ఆడపిల్లకు హక్కు దేశమంతా ఇవ్వకముందే మన ఉమ్మడి రాష్ట్రం ఇచ్చింది. ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో తెచ్చిన సవరణ, 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు వర్తించింది. 2005లో కేంద్రం పెళ్లయినా కాకపోయినా ఒకటే అంది. ఆ సవరణ వచ్చిన రోజుకు తండ్రి బతికుండాలా అనే మెలికను కూడా 2020లో సుప్రీంకోర్టు, అక్కర్లేదంటూ విప్పేసింది. అయినా ఈ కబురు మన అన్నదమ్ములకు ఇంకా అందినట్టు లేదు. ఊరి పక్కనుంచి రింగురోడ్డు వెళ్తుందన్న కబురు మాత్రం సర్వేయరు కంటే ముందే వీళ్లకు అందుతుంది.

దారి లేదంటే ఒప్పుకోరు కదా. "పెళ్లి ఘనంగా చేశామండీ. కట్నం ఇచ్చాం, బంగారం పెట్టాం, పసుపు కుంకుమ కింద అరెకరం కూడా ఇద్దామనుకున్నాం" అంటారు. చివరిది అనుకోవడం దగ్గరే ఆగింది, అయినా లెక్కలో వేసుకుంటారు. కట్నం ఇవ్వడం 1961 నుంచి నేరం. చెల్లెలి వాటా ఎగ్గొట్టడానికి ఇంట్లో జరిగిన నేరాన్నే రసీదులా చూపించే ఆసాముల్ని ఇంకెక్కడైనా చూశారా? పెద్దబ్బాయి ఇంజినీరింగు సీటుకు కట్టిన డొనేషనూ, చిన్నబ్బాయి వ్యాపారం పెట్టి ముంచిన డబ్బూ మాత్రం ఏ ఖాతాలోకీ రావు. అది నాన్నగారి ప్రేమ.

సంతకం తప్పదని తేలాక మొదలవుతుంది అసలు ఉత్సవం. ఏనాడూ ఫోన్ చేయని అన్నయ్య ఫోన్ చేస్తాడు. "ఏరా తల్లీ, చూసి ఎన్నాళ్లయిందో, ఒకసారి వచ్చిపో." ఆ వెనకే, ఏదో అప్పుడే గుర్తొచ్చినట్టు, "వస్తూ వస్తూ ఆధారూ, రెండు ఫోటోలూ తెచ్చుకో." ఆవిడ వస్తుంది. వదిన నాటుకోడి కూర వండుతుంది. రాత్రంతా చిన్నప్పటి కబుర్లు, నాన్న సైకిల్ మీద ముందు కూర్చోబెట్టుకుని తిప్పిన రోజులు. తెల్లారేసరికి గుమ్మంలో కారు.

సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు వరండాలో బెంచీ మీద కూర్చోబెడతారు. డాక్యుమెంట్ రైటరు పేజీలు తిప్పుతూ వేలితో చూపిస్తుంటాడు. "ఇక్కడమ్మా. ఇక్కడ. వెనకాల కూడా." కళ్లజోడు ఇంట్లో మర్చిపోయానంటుంది. "చదవడానికేముందమ్మా, అన్నీ చూసే రాశాం" అంటాడు అన్నయ్య. లోపల వేలిముద్ర మెషిన్ మీద బొటనవేలు పెడితే పడదు. ఇంకోసారి. పడదు. ఏళ్ల తరబడి అంట్లు తోమిన వేలు, గీతలు అరిగిపోయాయి. "తడిగుడ్డతో తుడుచుకుని మళ్లీ పెట్టండమ్మా" అంటాడు ఆపరేటరు. అన్నదమ్ములిద్దరికీ చెమటలు పడతాయి, చెల్లెలికి నీళ్ల సీసా అందించడానికి పోటీ పడతారు. ఆ వ్యవహారం మొత్తంలో కాసేపైనా అభ్యంతరం చెప్పింది ఆ మెషిన్ ఒక్కటే. చివరికి అదీ లొంగుతుంది. "సంతకం మీదేనా అమ్మా?" "ఔనండీ." అంతే, హక్కు విడుదల. బయట హోటల్లో మసాలా దోసె. "ఇంకోటి చెప్పనా తల్లీ?" ఇంటికొచ్చాక చీర, దానికి జాకెట్టు ముక్క. ఇల్లు కోటికి పోయిందనుకోండి, వాటాదారులు తల్లి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. చెల్లెలి వంతు పాతిక లక్షలు. ఆ చీర ఏ మగ్గం మీద నేశారో నాకైతే చూడాలనుంది.

పెట్టనందనుకోండి? అప్పుడు అన్నయ్య గొంతు మారుతుంది. "సంతకం పెట్టకపోతే పుట్టింటి గడప తొక్కొద్దు." ఏ గడపయ్యా? మీరు బేరం పెట్టింది ఆ గడపనే కదా! కొన్నవాడు వచ్చే నెలలో దాన్ని పీకి అపార్ట్‌మెంట్ కడతాడు. లేని గడప చూపించి ఆడమనిషిని బెదిరించడానికి సిగ్గుండాలి. దీనికి ఆచారం, అనుబంధం అని పేర్లు పెట్టకండి. నాన్న మంచాన పడితే పక్క మార్చింది ఎవరు? సెలవు పెట్టి ఆసుపత్రి వరండాలో పడుకుంది ఎవరు? అప్పుడు గుర్తుకురాలేదే, ఆడపిల్ల పరాయి ఇంటిదని? తన వాటా తనకిమ్మంటే ఆవిడ ఆశపోతు, ఆవిడ వాటా కూడా మీరు మింగితే వంశగౌరవం!

సరే. కొందరు మరీ తెలివైనవాళ్లుంటారు, చెల్లెలితో సాక్షి సంతకం పెట్టించి పని అయిపోయిందనుకుంటారు. సాక్షిగా సంతకం పెట్టినంత మాత్రాన దస్తావేజులో ఏముందో తెలిసి ఒప్పుకున్నట్టు కాదు. తెల్లకాగితం మీద "నాకే హక్కూ లేదు" అని రాయించుకోవడం కూడా అంతే, విడుదల దస్తావేజు రిజిస్టర్ కావాల్సిందే. ఇవన్నీ ఓపిగ్గా చెప్పాక, ఆ పెద్దమనిషే చేతులు తుడుచుకుంటూ రెండో ప్రశ్న వేస్తాడు: "మా మామగారు కూడా మొన్న పోయారండీ. మా ఆవిడ వాటాకి ఆ బావమరుదులు అడ్డం పడుతున్నారు. కేసు వేస్తే ఎన్నాళ్లు పడుతుంది?" అప్పుడు మాత్రం 2005, 2020 తీర్పు, అన్నీ ఆయన నోటికొచ్చు.

కొనేవాళ్లను వదిలేస్తే పాపం. వాళ్లూ ప్రశ్నలు బాగానే అడుగుతారు. బోరు ఈశాన్యంలో ఉందా, వీధిపోటు ఉందా, తూర్పు గుమ్మమేనా? చచ్చిపోయిన ఆసామికి కూతుళ్లెందరు అని అడిగినవాణ్ని నేను అరుదుగా చూశాను. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీశాం, క్లియర్‌గా ఉంది అంటారు. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలు కనిపిస్తాయి, ఆడపిల్లలు కనిపించరు. రిజిస్ట్రేషనే చేశారు కదా అంటారు. అమ్మేవాడికి హక్కుందో లేదో తేల్చడం సబ్‌రిజిస్ట్రార్ పని కాదని 2025లో తమిళనాడు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆయన తీసుకునేది డ్యూటీ, ఫీజు కలిపి ఏడున్నర శాతం, పూచీ కాదు. అన్నదమ్ములు అమ్మగలిగింది వాళ్ల వాటాలే. తహసీల్దారు ఇచ్చిన ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అడిగి అందులో పేర్లు లెక్కపెట్టండి. కొడుకుల పేర్లే ఉంటే వీధిలో ఇస్త్రీ బండి అతన్ని అడగండి, ఆ ఇంట్లో ఎందరు పుట్టారో సర్టిఫికెట్ కంటే ఆయనకే బాగా తెలుసు.

మధ్యవర్తిని మాత్రం అడక్కండి. "ఇద్దరు ఆడపిల్లలున్నారు సార్, కానీ వాళ్లు సెటిల్డ్" అంటాడు. ఆ ఆడపిల్లలు వేసే పార్టిషన్ సూటులో, అంటే వాటాల కేసులో, మొదటి ప్రతివాదులు అన్నదమ్ములు, చివరి ప్రతివాది మీరు. అన్నదమ్ములు డబ్బు పట్టుకుని ఊరు మారి ఉంటారు కాబట్టి, కోర్టు అమీనా సమన్లు అంటించేది మీరు ముచ్చటపడి కొన్న ఆ తూర్పు గుమ్మానికే.