పైథాన్ పైప్‌కి నిలకడ దేనికండీ

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒక్కో కలెక్షన్‌కి (విలువల్ని గుంపుగా దాచుకునే డబ్బాకి) ఒక్కో రూలు అని గొణిగేవాళ్ళని చూస్తే నాకు జాలేస్తుంది. అన్నిటికీ ఒకటే రూలైతే ఇక ప్రోగ్రామర్లకి పనేముంటుంది?

పైప్ గుర్తునే (|) తీసుకోండి. రెండు సెట్ల (ఒకే విలువ రెండుసార్లు ఉండని గుంపుల) మధ్య పెడితే యూనియన్, అంటే రెండూ కలిసిన సెట్, బానే ఉంది. అదే సెట్ పక్కన లిస్ట్ (వరసగా పేర్చిన విలువలు) పెట్టారా, రకం కుదరలేదని టైప్ఎర్రర్ మొహాన కొడుతుంది. పోనీ సెట్‌కి లిస్టంటే పడదేమో అనుకుందామా అంటే, డాట్ పెట్టి యూనియన్ అనే మెథడ్ పేరుతో (.union) పిలిస్తే అదే లిస్టుని కిక్కురుమనకుండా కలిపేసుకుంటుంది, అంటే గొడవ లిస్టుతో కాదు, మర్యాదగా పేరు పెట్టి పిలవలేదని అలకన్నమాట. డిక్షనరీ అంటే ఒక్కో కీకి ఒక్కో వాల్యూ జతచేసి దాచేది. దాని కీస్‌కి ఆ పట్టింపులేం లేవు, పైప్ పక్కన లిస్ట్ ఇచ్చినా టపుల్ (మార్చడానికి వీల్లేని లిస్ట్ లాంటిది) ఇచ్చినా సెట్ చేసి చేతిలో పెడుతుంది. వాల్యూస్ దగ్గరికి మాత్రం పైప్ పట్టుకెళ్ళకండి, రానివ్వదు. (దానికి సరైన కారణమే ఉంది, వాల్యూస్‌లో డూప్లికేట్లు ఉండొచ్చు, హ్యాష్ కానివీ, అంటే సెట్‌లో పెట్టడానికి వీల్లేనివీ ఉండొచ్చు. కానీ సబబైన వాటి గురించి రాస్తే ఎవరు చదువుతారు?)

2020లో పైథాన్ 3.9 వెర్షన్ వచ్చాక మామూలు డిక్షనరీకి కూడా పైప్ దక్కింది. రెండింట్లో ఒకే కీ ఉంటే కుడివైపు వాల్యూ గెలుస్తుంది. సెట్లలో ఎడమవైపుదే పైచేయి, నమ్మకపోతే 1 ఉన్న సెట్‌కి ట్రూ (True, నిజం అనే విలువ) ఉన్న సెట్‌ని కలిపి చూడండి, పైథాన్ లెక్కలో రెండూ సమానమే కాబట్టి 1 మాత్రం మిగులుతుంది, అటూ ఇటూ మారిస్తే ట్రూ మిగులుతుంది. ఇదే ప్రయోగం డిక్షనరీల మీద చేస్తే కీ ఎడమదాన్దీ వాల్యూ కుడిదాన్దీ వస్తుంది, ఇల్లొకడిది కాపురం ఇంకొకడిది.

ఇంకో ముచ్చట. డిక్షనరీ పక్కన కీ, వాల్యూ జంటల లిస్ట్ పెట్టి పైప్ వాడితే కుదరదంటుంది, పైప్ పక్కన ఈక్వల్ తగిలిస్తే (|=) మాత్రం అదే లిస్ట్ ముద్దొస్తుంది. ఆహా, ఉపాయం దొరికిందని సెట్ మీద ప్రయోగిస్తే మళ్ళీ టైప్ఎర్రర్!

డిక్షనరీ కడుపున పుట్టిన కౌంటర్ (ఏది ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టేది) అయితే తల్లి మాట కూడా వినదు. పైప్ పెడితే రెండు లెక్కల్లో పెద్దది ఉంచుకుంటుంది, ప్లస్ పెడితే కూడుతుంది, మైనస్ పెడితే సున్నా, అంతకన్నా కిందకి పోయినవాటిని మాయం చేస్తుంది, సబ్‌ట్రాక్ట్ అని పిలిస్తే ఆ మైనస్ అంకెల్ని భద్రంగా దాస్తుంది.

ఇంత వైభవంలో పాపం లిస్టుకి మైనస్సే లేదు. వెంటనే ఇవ్వాలని నా డిమాండ్. మైనస్‌తో మొదటి డూప్లికేట్ పోవాలి, మైనస్ ఈక్వల్‌తో అన్నీ పోవాలి, మెథడ్ పేరు పెట్టి పిలిస్తే చివరిది పోవాలి. లిస్టుకి ఇదేం కొత్త కాదు, టపుల్‌ని ప్లస్‌తో ఇస్తే వద్దంటుంది, ప్లస్ ఈక్వల్‌తో ఇస్తే తీసుకుంటుంది, కాబట్టి ట్రైనింగ్ కూడా అక్కర్లేదు.